పొగ చూపిన కిటికీ

తెల్లారగానే టీ పెడదామని వంటింట్లోకి వచ్చి, స్టవ్ ఉండాల్సిన చోట మసిగోడను చూసి మణి ఆగిపోయింది. అలవాటుపడ్డ కాళ్ళు, ఏం చేస్తాయి పాపం! మంటలు ఆరి వారమైనా ఇంట్లో పొగ కంపు పోలేదు. దుప్పట్లకీ, కర్టెన్లకీ, ఆఖరికి బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలకీ అదే వాసన.

రేపు పెయింట్ వేసేవాళ్ళు వస్తారు. ఈలోగా గోడల మసి తీసెయ్యాలని ఆమె భర్త ఆనందబాబు ఆఫీస్‌కి సెలవు పెట్టాడు. ఆయన అక్క జోసఫిన్ పక్క ఊరైన బెంటన్‌విల్ నుంచి క్యారియర్లు మోసుకుని పొద్దున్నే దిగింది. అందరికంటే ముందు మణి బకెట్‌లో నీళ్ళు పట్టి, గుడ్డ తడిపి, గోడ మీద బరబరా రుద్దేసింది. మసి పోకపోగా అడుగు మేర కాటుక పూసినట్టయింది.

"అయ్యయ్యో, తడిగుడ్డ పెట్టొద్దని ఫైర్ వాళ్ళు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదే! తడి తగిలితే మసి గోడలోకి ఇంకిపోతుందట. పొడి స్పాంజ్‌తోనే తుడవాలి" అన్నాడు ఆనందబాబు.

"పుట్టినప్పట్నించీ తడిగుడ్డతోనే తుడిచానండీ, చెయ్యి ఊరుకోలేదు."

"ఆ రోజూ అంతేగా! స్టవ్ మీద నూనె పెట్టి ఎక్కడికెళ్ళావంటే ఇంతవరకూ సమాధానం లేదు."

"ఇంక చాలించరా" అంది జోసఫిన్. "మనుషులకేం కాలేదు, దేవుడికి స్తోత్రం. గోడదేముంది?"

"అలారం ఎందుకు మోగలేదో అడుగక్కా!"

మణి తలెత్తి పైకి చూసింది. పొగ అలారానికి తొడిగిన ప్లాస్టిక్ షవర్ క్యాప్ మసిబారి ఇంకా అక్కడే ఉంది. "నన్నడుగుతారేం? పోపు పెట్టినప్పుడల్లా కుయ్యిమంటోందని, హోటల్ నుంచి తెచ్చి తొడిగింది మీరే కదండీ!"

అమెరికాలో తాలింపు వేసుకునే ప్రతి ఇంటికీ తెలిసిన కిటుకే అది. జోసఫిన్ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

కానీ మణికి నవ్వు రాలేదు. వారం నుంచి దాచుకున్న మాట బయటికొచ్చేసింది. "ప్రేయర్ మీటింగ్‌కి గారెలు వేద్దామనుకున్నా. వాన పడుతుంటే, వేపుళ్ళకి పెట్టుకున్న పొయ్యి కోసం గరాజ్‌లోకి ఎందుకులే అని ఇక్కడే మూకుడు పెట్టాను. ఇంతలో ఫోన్ వచ్చింది. వెనక వరండాలోకి వెళ్ళి మాట్లాడుతూ నూనె సంగతే మర్చిపోయాను. ఫోన్ చేసింది జెరెమీ."

ఆ పేరు ఆ ఇంట్లో పైకి వినపడి రెండేళ్ళయింది.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు జెరెమీకి చిన్నప్పటి నుంచీ ఈ ఊరి పాత కథలంటే పిచ్చి. ఒకప్పుడు ఇది ఆపిల్ తోటల ఊరట. తోటలూ పోయాయి, రైలూ పోయింది, ఇంటి వెనక పట్టాల గట్టు మిగిలింది. మనది అప్పట్లో పూటకూళ్ళ ఇల్లనీ, వంటింటి గోడకి కిటికీ ఉండేదనీ, రైలు ఆగితే అందులోంచే అన్నాలు అందించేవాళ్ళనీ ఊళ్ళో ముసలాళ్ళని అడిగి తెలుసుకొచ్చి చెప్పేవాడు. "మావాడికి మూసిన గోడల్లో కిటికీలు కనపడతాయండీ" అని ఆనందబాబు చర్చి వాళ్ళందరి ముందూ నవ్వాడు. ఆ పిల్లవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, నాలుగు గంటల దూరంలో ఏదో మ్యూజియంలో చేరతానన్నప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ పాత రాళ్ళనే అమ్మా నాన్నా అనుకోమన్నాడు. జెరెమీ మళ్ళీ గడప తొక్కలేదు.

"అయితే నా చాటున మాట్లాడుతూనే ఉన్నావన్నమాట" అన్నాడు ఆనందబాబు. "ఇల్లు తగలబెట్టి మరీ!"

"మాట్లాడతాను. ఇంకో ఇల్లు కాలినా మాట్లాడతాను. కన్నదాన్నండీ!" అంది మణి. "వాడేం అడిగాడో తెలుసా? డాడీకి మోకాలి నొప్పి తగ్గిందా అని. ప్రతిసారీ మొదట అదే అడుగుతాడు."

"నీదెప్పుడూ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళురా" అంది జోసఫిన్. ఈసారి ఆవిడా నవ్వలేదు.

ఆనందబాబు స్పాంజ్ తీసుకుని, పట్టాల వైపు గోడ దగ్గరికి వెళ్ళాడు. రుద్దబోయిన చెయ్యి అక్కడే ఆగింది. మిగతా గోడంతా బూడిదరంగులో ఉంటే, ఛాతీ ఎత్తులో ఒక చోట మసి నల్లగా, నలుచదరంగా గీత గీసినట్టు పట్టింది. కింద అరుగులాంటి అడ్డపట్టీ కూడా ఉంది. గోడ చల్లగా ఉన్నచోట పొగ ఎక్కువ పేరుకుంటుందని ఫైర్ వాళ్ళు చెప్పింది గుర్తొచ్చింది. వేళ్ళతో తట్టి చూశాడు. చుట్టూ గట్టిగా ఉంది, మధ్యలో డొల్లగా మోగింది.

"అది కిటికీ కదరా?" అంది జోసఫిన్.

ఆనందబాబు స్పాంజ్ కింద పెట్టేశాడు. "మణీ, నీ ఫోన్ ఇలా ఇవ్వు" అన్నాడు.

ఫోన్ కలవగానే అవతల జెరెమీ "మమ్మీ?" అన్నాడు.

"నేనురా." అన్నాడు ఆనందబాబు. "కిటికీ కనపడింది. నువ్వు చెప్పిన చోటే ఉంది. పొగ చూపించింది."

ఆ పిల్లవాడి ముద్దముద్ద తెలుగు కంగారుగా వచ్చింది. "డాడీ, క్లీన్ చేసేసారా?"

"లేదు నాన్నా. నువ్వు చూసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను. పెయింట్ వాళ్ళని కాన్సిల్ చేస్తాను." అంతటితో ఆగలేకపోయాడు. "చూడ్డం నాకు రాలేదురా. నీకు వచ్చింది. ఇంటికి రా."

"వస్తున్నా డాడీ. ఇప్పుడే స్టార్ట్ అవుతా. మీ మోకాలు ఎలా ఉంది?"

ఆనందబాబు కళ్ళు తుడుచుకున్నాడు. వేళ్ళ మసి బుగ్గలకంటింది. మణి వెక్కుతూనే, "వంటింట్లో పొయ్యి కూడా లేదు, పిల్లాడికి ఏం పెట్టను?" అంది.

ఆయన కుర్చీ ఎక్కి అలారానికి ఉన్న షవర్ క్యాప్ పీకి చెత్తబుట్టలో పడేశాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టి గరాజ్ వైపు నడిచాడు.

"పప్పు నానబోసి పిండి రుబ్బివ్వక్కా, గరాజ్ పొయ్యి మీద గారెలు నేను వేస్తా. మణీ, నువ్వు వాడితో మాట్లాడు. నూనె నేను చూసుకుంటాను."