దయ్యానికి అమ్మ గొంతు

"మా అమ్మను దయ్యం చేసింది నువ్వేనా?"

మహబూబాబాద్ బస్టాండు ఎదుటి ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియో కత్తిరిస్తున్న కల్యాణ్ ఉలిక్కిపడి తలెత్తాడు. గుమ్మంలో వానకు నిలువెల్లా తడిసిన ఒక అమ్మాయి. ఫోన్‌ను అతని ముక్కు దాకా చాపింది.

"కూసో అక్క," అన్నాడు తువ్వాలు అందిస్తూ. "ముందుగాల తల తుడుచుకో."

తిట్టడానికి వచ్చిన మనిషికి తువ్వాలు దొరికితే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. తుడుచుకుంది.

ఫోన్‌లో ఆడుతున్నది కల్యాణ్ చేసిన వీడియోనే. తొలినాటి క్రైస్తవులు రాసుకున్న ఉత్తరాల చుట్టూ అల్లిన ఒక దయ్యాల సినిమా అంటే అతనికి ప్రాణం. అందులో ఒక యువతి, చేరవలసిన వాళ్లకు చేరని ఉత్తరాలను గుండెకు అదుముకుని, చనిపోయాక కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ దృశ్యాలు ఏరి, కూర్చి, అభిమానంతో నివాళి చేశాడు. వెనక వినిపించే గొంతు మాత్రం సినిమాలోది కాదు. నెల్లికుదురు దగ్గరి ఒక పల్లె చర్చి వాళ్లు యూట్యూబ్‌లో పెట్టిన పాత ప్రార్థన కూడికలో, ఒక పెద్దావిడ బైబిల్లోని పత్రిక, అంటే అలాంటి ఒక ఉత్తరమే, చదువుతుంటే తీసుకున్నాడు.

ఆ పెద్దావిడ మణెమ్మ. పోయిన ఎండాకాలం కన్నుమూసింది. వచ్చిన అమ్మాయి ఆమె కూతురు షారోన్, భూపాలపల్లిలో నర్సు. ఎవరో పంపిన వీడియో తెరిస్తే, అమ్మ గొంతు దయ్యం నోట్లోంచి వచ్చింది.

కల్యాణ్ చేయి చాపి వీడియోను ఆపాడు. "బతికే ఉన్నదనుకున్న. వచ్చి అడుగుదామనే ఉంటి," అన్నాడు. "మా లంబాడ తండాల గోర్ బాస మాట్లాడుకుంటం. తెలుగు గంత కమ్మగ చదవంగ నేనెన్నడు ఇనలే. గందుకే."

బస్సులో వస్తూ ఆమె కూడబెట్టుకున్న తిట్లన్నీ మిగిలిపోయాయి. అతను వీడియోను ఆమె కళ్లముందే చానెల్‌లోంచి తీసేశాడు. కంప్యూటర్‌లోంచీ చెరిపేశాడు. జనం మెచ్చిన అతని మొదటి వీడియో అది. ఆ మాట మాత్రం అనలేదు.

షారోన్ పల్లెలోని ఇల్లు చేరేసరికి తండ్రి పోశాలు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. రోజూ వినే వీడియో కనిపించడం లేదట. చర్చి రికార్డింగులో ఫ్యాన్ల హోరుకు గొంతు సరిగా వినపడేది కాదని, ఎవరో ఆ హోరంతా తీసేశారని, కళ్లు మూసుకుంటే మణెమ్మ పక్క గదిలో ఉన్నట్టే ఉండేదని చెప్పాడు. ఆ వీడియో ఎట్లా పోయిందో షారోన్ తల వంచుకుని చెప్పింది.

"గా పిల్ల దయ్యం కాదు బిడ్డా," అన్నాడు పోశాలు. "ఉత్తరాలు ఇయ్యకుంట పోబుద్ధిగాక తిరుగుతున్నది. చదువురానోళ్లకు బైబిల్ చదివి చెప్పుకుంట మీ అమ్మ గంగారం దిక్కు ఊర్లల్ల గట్లనే తిరగలేదా?"

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయిపోగానే షారోన్ మళ్లీ స్టూడియో గుమ్మంలో నిలబడింది. ఆ వీడియో మళ్లీ చేయమని ఈసారి మెల్లగా అడిగింది. కల్యాణ్ పక్కన కుర్చీ వేశాడు.

అంతా మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఫ్యాన్ల హోరు తీశాడు, ఎక్కడో పసిపాప ఏడుపు తీశాడు. ఒకచోట ఆగాడు. ప్రతి వాక్యం తర్వాత మణెమ్మ సన్నగా ఏదో అంటోంది. మొదటిసారి సంగీతానికి అడ్డమని దాన్ని కత్తిరించేశాడు.

"అక్క, గిది..."

"తియ్యకు. 'సమజైందా' అని అడుగుతది. అర్థమైందో లేదో అడగకుంట ముందటికి పోదు." షారోన్ మళ్లీ అంది, "ఇంగోటి. నన్ను అక్క అనకు."

ఆ తర్వాత ఆమెను ఏమని పిలవాలో తెలియక అతను పడే అవస్థ చూసి, ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి వెళ్లారు. పోశాలు మంచం మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మణెమ్మ ఒక వాక్యం చదివింది. సమజైందా, అని అడిగింది.

"సమజైందే," అన్నాడు పోశాలు.

తర్వాతి వాక్యానికీ అన్నాడు. చివరి దాకా అంటూనే ఉన్నాడు. షారోన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కల్యాణ్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"మల్ల యూట్యూబ్‌ల పెట్టు బిడ్డా," అన్నాడు పోశాలు కళ్లు తుడుచుకుని. "గా ఉత్తరాల పిల్ల బొమ్మలతోనే పెట్టు." తర్వాత ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, పిల్లగానికి అన్నం పెట్టమని కూతురికి చెప్పాడు.

తిన్నాక షారోన్ బండి దాకా వచ్చింది.

"చర్చిల అమ్మ రికార్డింగులు ఇంకా ఉన్నయట," అన్నాడు కల్యాణ్. "వచ్చే ఆదివారం వస్త."

"అవి ఒడిసినంక? అన్ని అయిపోయినంక?"

అతను తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

"అవి ఒడిసినంక నా కోసం రా," అని షారోన్ చరచరా లోపలికి వెళ్లిపోయింది.

కల్యాణ్ బండి స్టార్ట్ చేయడం మరిచిపోయి, దాన్ని వీధి చివరి దాకా నెట్టుకుంటూనే నడిచాడు.