మేడంతటికీ ఒక్క పలకరి

"పులుసు దించారు కదా, గరిటె కాల్చి ముంచరా ఇవాళ?" అని వంటింటి తెరగోడ అడిగేసరికి పోలమ్మ చేతిలోని మూత జారి గచ్చు మీద పడింది.

ఆ గోడ రోజూ పలకరిస్తుంది. నీళ్లు తాగారా, మోకాలు ఎలా ఉంది అని అడుగుతుంది. అందులో వింతేమీ లేదు. మెట్ట మీద కట్టిన ఆ మేడలో ప్రతి వంటింటికీ ఒక తెరగోడ ఉంది. కానీ గరిటె సంగతి పోలమ్మ దానికి ఎన్నడూ చెప్పలేదు.

పక్కన స్టూలు మీద కూర్చుని గోడను పరీక్షిస్తున్న హైమ తలెత్తింది. ఈ గోడల అమరిక పద్ధతి మంచిదో కాదో తేల్చి చెప్పమని నగరపాలక సంఘం ఆమెను పంపింది.

"ఏమైంది పిన్నిగారూ? గరిటె కాల్చడమేమిటి?"

"అది మా చిన్నమ్మి అలవాటు" అంది పోలమ్మ. "నా తోటికోడలు. చేపల పులుసు దించాక ఇనప గరిటె ఎర్రగా కాల్చి చుయ్యిమని ముంచేది. కోడల్ని తెచ్చుకున్నాననుకుంటే కమ్మరిని తెచ్చుకున్నానా అని మా అత్త దెప్పేది. ఇంకెవరూ అలా చెయ్యరు. నీ గోడకెలా తెలిసింది?"

సముద్రం వాళ్ల ఊరు గుల్లలపేటను మింగిన ఏడాది ఇద్దరినీ వేరు వేరు పడవల్లో ఎక్కించారు. ఎవరి పడవ ఎక్కడ ఆగిందో, ఎవరిని ఏ మేడకు చేర్చారో తెలియలేదు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే చాలు, పోలమ్మ లేచి నిలబడేది.

"కార్యాలయంలో పేరు చెప్పి అడగలేదా?"

"ఎన్నిసార్లు అడిగానో. చిన్నమ్మి అనే మనిషే లేదన్నారు."

"అసలు పేరేమిటి?"

పోలమ్మ తెల్లబోయింది. "అదే కదమ్మా పేరు! పెళ్లినాడు మా అత్త పెట్టింది. పుట్టింటి పేరు మేమెవరం అడగలేదు."

హైమ గోడ అడుగున ఉన్న చిన్న తలుపు తెరిచింది. లోపల వెలిగే గీతలను వేలితో అనుసరిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఈ గోడ సొంతంగా ఏదీ తయారు చేసుకోదు పిన్నిగారూ. తనకేం కావాలో పైకి చెబుతుంది. వెలుతురు కావాలి, వైద్యుడు కావాలి, మీతో మాట్లాడే పలకరి కావాలి అని. అందింపరి అనే యంత్రం బయటినుంచి తెచ్చి అమరుస్తుంది. ఎవరిని తెచ్చిందో గోడకు తెలియదు. అందుకే వైద్యుణ్ణి మార్చాలన్నా గోడ పగలగొట్టక్కర్లేదు. ఇందాక నేను ఉత్తుత్తి వైద్యుణ్ణి తగిలించి చూశాను, అసలువాడే అనుకుంది."

"పెళ్లింట్లో వంటవాణ్ణి మార్చినట్టన్నమాట. విస్తరికేం తెలుసు?"

"అంతే" అని నవ్వబోయి హైమ ఆగిపోయింది. వేలు ఒక గీత దగ్గర నిలిచింది. "ఇంటికొక పలకరి ఉండాలి. ఎవరో పొరపాటున మేడంతటికీ ఒక్కటే పెట్టారు. ఒక వంటింట్లో విన్నది ఇంకో వంటింట్లో మాట్లాడుతోంది. పెద్ద తప్పు. ఒకరి రోగం, ఒకరి పోట్లాట మరొకరింట్లో బయటపడితే?"

పోలమ్మకు ఒకటే వినబడింది. "అయితే చిన్నమ్మి ఈ మేడలోనే ఉంది!"

"ఉండొచ్చు. కానీ ఏ ఇల్లో నేను వెతకకూడదు. ఇల్లు ఇంటిని ఎరగకూడదన్నదే ఇక్కడి కట్టుబాటు. ఇప్పుడు దీన్ని సరిచెయ్యాలి. సరిచేస్తే పలకరి విన్నవన్నీ మరిచిపోతుంది."

పోలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఒక్క మాట చెప్పనీ తల్లీ. ఒక్కటే. తర్వాత నీ ఇష్టం."

హైమ చెయ్యి విడిపించుకోలేదు.

పోలమ్మ గోడకు దగ్గరగా జరిగింది. "ఇదిగో, వింటున్నావా? కమ్మరి కోడలా, పోలమ్మక్క ఎనిమిదో అంతస్తులో మెట్ల పక్కనే ఉంది, పులుసు చల్లారిపోతోంది, రా అని చెప్పు."

"అందరికీ చెప్పమంటారా?" అంది గోడ.

"అందరికీ చెప్పు."

ఆ పూట హైమ చెయ్యాల్సిన పని ఒక్కటి తప్ప అన్ని పనులూ చేసింది. వెలుతురు చూసింది, నీటి ధార చూసింది, చూసినదే మళ్లీ చూసింది. పోలమ్మ గుమ్మంలో నిలబడి చీర కొంగు మెలిపెడుతూనే ఉంది.

మొదట వచ్చినామె చిన్నమ్మి కాదు. "మా గోడ పోలమ్మ అంటే మా పిన్నేమోనని వచ్చానండీ" అని తల దించుకుంది. పోలమ్మ ఆమెకు కుర్చీ చూపించి మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఆ వెనక మరొకరు. ఆపైన నలుగురు. నడవా నిండిపోతూంటే పోలమ్మ మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది.

"తప్పుకోండమ్మా, దారివ్వండి! ఎవర్నే కమ్మరి కోడలంటున్నావు? అత్త పోతే దెప్పడం నువ్వందుకున్నావా అక్కా?"

 పోలమ్మ నోట ముందు తిట్టే వచ్చింది. "ఎక్కడ చచ్చావే ఇన్నాళ్లూ?"

"ఆరో అంతస్తులో! నీకోసం నేనడగలేదనుకున్నావా? పోలమ్మలు బోలెడుమంది, ఏ పోలమ్మో చెప్పమన్నారు."

"నీ అసలు పేరేమిటే ఇంతకీ?"

"రాజ్యలక్ష్మి."

"అంత పేరుండి ఎప్పుడూ నోరెత్తలేదేం?"

"ఎవరడిగారు గనక?"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు, ఆ నవ్వులోనే కాసేపు ఏడ్చారు.  తన తోటికోడలే దొరికినంత తేలికైంది హైమకు.

తర్వాత ఆమె గోడ ముందు కూర్చుని తప్పు సరిచేసింది. ఇంటికొక పలకరిని పెట్టింది. అంతటితో లేవబోయి, గోడ కోరికల వరస మరోసారి చదివింది. నీళ్లున్నాయి, మందులున్నాయి, పలకరింపు కూడా ఉంది. మనవాళ్లు కావాలని ఎవరూ రాయలేదు. పైకి చెప్పనిది అందింపరి ఎక్కణ్ణించి తెస్తుంది? పద్ధతి మంచిదే, అడగడమే తెలియలేదు. ఆ ఒక్క కోరిక ఆమె కొత్తగా చేర్చింది. "ఇకమీద ఇంట్లో విన్నది ఇంట్లోనే ఉంటుంది" అంది నడవాలోని వాళ్లతో. "మీరు పంపమన్న మాట మాత్రమే బయటికి వెళుతుంది."

ఎవరూ కదల్లేదు. అందరికన్నా వెనకనుంచి ఒక ముసలాయన నడవా గోడ పట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"నా దగ్గర మాటల్లేవమ్మా. ఒక ఈల ఉంది. పడవ ఒడ్డుకి లాగేటప్పుడు నేనూ మా తమ్ముడూ వేసేవాళ్లం. అది పంపొచ్చా?"

హైమ లేచి స్టూలు ఆయనకిచ్చింది. తెరగోడ వైపు తిరిగి, "విను" అంది.