ఏడు దొంగ టిక్కులు

అలారం మోగగానే పంతులమ్మ బల్ల మీద అరచేత్తో చరిచింది.

"టైమైపోయింది. పెన్సిల్ కింద పెట్టాలి."

అక్క పెన్సిల్ కింద పెట్టింది. వేళ్లు విరుచుకుంది. పేపరు చెల్లెలి చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

పంతులమ్మకి తొమ్మిదేళ్లు. అసలు పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. ఆ పేరు పెట్టింది నాన్న. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే చాలు, ఆ పిల్లకి ఇంకేమీ అక్కర్లేదు. ఒకసారి అమ్మ రాసుకున్న సరుకుల చీటీ కూడా దిద్దింది. సబ్బుకి ఒత్తు లేదని పదికి తొమ్మిది మార్కులే వేసింది.

అక్క హైస్కూలు ఆఖరి క్లాసులో ఉంది. మూడు వారాల్లో ఆమెకి పెద్ద పరీక్ష. కాలేజీలో చెప్పే లెక్కలకీ, ఇంగ్లీషుకీ పిల్లలు సిద్ధంగా ఉన్నారో లేదో చూసే పరీక్ష అది. దానికి బారెడు పేరేదో ఉంది. అది పలకడానికి నోరు తిరగక ఇంట్లో అందరూ 'రెడీయా పరీక్ష' అనేవాళ్లు.

లెక్కలకి నలభై ప్రశ్నలు, ఇంగ్లీషుకి నలభై. రెండింట్లోనూ ఇరవై ఎనిమిదేసి వస్తే నేరుగా కాలేజీ క్లాసులో కూర్చోవచ్చు. తగ్గితే ఏడాదిపాటు తయారీ క్లాసు. అక్కకి ఇళ్ల ప్లాన్లు గీసే చదువు చదవాలని కోరిక. అమ్మ బట్టలు కుట్టే గది గోడ మీద ఆమె గీసిన ఇళ్లే ఉంటాయి. ఇంకో ఏడాది ఆగడమంటే ఆమెకి ప్రాణం మీదకి వచ్చినట్టే.

అందుకే ప్రతి ఆదివారం ఇంట్లో ఉత్తుత్తి పరీక్ష. గడియారం చూడటం, పేపరు దిద్దటం పంతులమ్మ పని. జవాబుల పుస్తకం ఆమె బడి సంచిలోనే ఉంటుంది. ఎదురుగా ఉంటే తన కన్ను ఊరుకోదని అక్కే అలా పెట్టించింది.

పంతులమ్మ దిద్దే పద్ధతి ఒకటుంది. ముందు వేలితో సరిచూసుకుంటుంది. ఆ తర్వాతే పెన్ను పెడుతుంది.

ఆ రోజు లెక్కల పేపర్లో ఐదో పేజీకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. అక్కడ తొమ్మిది ప్రశ్నలున్నాయి. ఇంగ్లీషు వాక్యం చదివి దాన్ని లెక్కలా మార్చి రాయాలి. తొమ్మిదిలో ఏడు తప్పు. మొత్తం కూడి చూస్తే నలభైకి ఇరవై మూడు.

కిందటి ఆదివారం ఇరవై ఒకటి వచ్చినప్పుడు అక్క భోజనం దగ్గర ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పంతులమ్మకి అది గుర్తొచ్చింది. కుళాయి దగ్గర అక్క కూనిరాగం తీస్తోంది.

అదిగో, అక్కడ చెయ్యి జారింది. ఐదో పేజీ నిండా ఏడు టిక్కులు పడిపోయాయి. పైన ముప్ఫై అని వేసి చుట్టూ సున్నా చుట్టింది.

అక్క చెల్లెల్ని ఎత్తుకుని గిర్రున తిప్పింది. గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకున్న అమ్మ, మాట్లాడే వీల్లేక కుట్టు మిషన్ మీద వేళ్లతో తాళం వేసింది. పేపరు గోడకి ఎక్కింది.

మర్నాడు అక్క తన చదువు చార్టులో ఐదో పేజీ పాఠాన్ని కొట్టేసింది. అవి వచ్చేశాయి కదా, ఇక కోణాలు చూసుకుంటానంది. పంతులమ్మ ఆ వారమంతా గోడ వైపు చూడకుండా తిరిగింది.

శనివారం మధ్యాహ్నం బేకరీ ఆయన ప్యాంటు పట్టుకుని వచ్చాడు. అమ్మ కుట్టిన కొత్త ప్యాంటే. హుక్కు పట్టడం లేదు.

"ఉతక్కుండానే కుంచించుకుపోయిందమ్మా," అన్నాడు.

అమ్మ టేపు తీసి ఆయన నడుం చుట్టూ వేసింది. అంతే, ఆయన ఊపిరి బిగబట్టాడు. పొట్ట మాయమైంది.

"ఇదీ సంగతి," అంది అమ్మ. "అన్నయ్యగారూ, టేపుకి మొహమాటం తెలీదు, ఉన్నది చెబుతుంది. దాన్నే మీరు మోసం చేస్తే నేనేం కుట్టను? ఊపిరి వదిలి నిలబడండి. అసలు కొలత తెలిస్తే ప్యాంటు సంగతి నేను చూసుకుంటాను."

ఆయన ఊపిరి వదిలాడు. పొట్ట తన చోటుకి తను వచ్చేసింది. అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. పంతులమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె గోడ వైపు చూస్తోంది.

ఆయన వెళ్లాక పంతులమ్మ కుర్చీ ఎక్కి పేపరు తీసింది. వంటింట్లోకి తీసుకెళ్లి అక్క ముందు పెట్టింది.

"ఐదో పేజీలో ఏడు దొంగ టిక్కులున్నాయి," అంది. "నీకొచ్చింది ఇరవై మూడే."

అక్క పేపరు చూసింది. మళ్లీ చెల్లెల్ని చూసింది. మొహంలో నవ్వు ఎటో పోయింది.

"జాలేసిందా నా మీద?"

పంతులమ్మ తలూపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ జాలితో నేను గోతిలో పడేదాన్నే. వచ్చేశాయనుకుని వారం రోజులు ఆ పేజీ ముట్టుకోలేదు."

పక్క గదిలో మిషన్ చప్పుడు ఆగిపోయింది. అక్క నిట్టూర్చి, పోనీలే, ఇంకా రెండు వారాలుందిగా అంది. ఎర్ర పెన్ను తెమ్మంది.

పంతులమ్మ ఏడు టిక్కులూ కొట్టేసి ఏడు ఇంటూలు పెట్టింది. ముప్ఫై కొట్టేసి ఇరవై మూడు వేసింది. అప్పుడు ఇద్దరూ మొదటి ఇంటూ దగ్గర కూర్చున్నారు. ప్రశ్న ఇంగ్లీషులో ఇలా ఉంది: 'ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్'. అక్క 'ఐదు మైనస్ ఎక్స్' అని రాసింది.

"ఎక్స్ ఎవరక్కా?"

"ఆ సంఖ్యే. అసలు పేరు తెలిసేదాకా పెట్టుకున్న ముద్దుపేరు."

"నన్ను పంతులమ్మ అన్నట్టా?"

"ఆ, అట్లాగే."

"మరి ఆ ఇంగ్లీషు ముక్కకి తెలుగులో ఏంటి?"

"ఒక సంఖ్య కంటే ఐదు తక్కువ."

పంతులమ్మ నుదురు చిట్లించింది. "అయితే ముందు సంఖ్య వచ్చింది కదా. నువ్వు ముందు ఐదు ఎందుకు రాశావు?"

అక్క నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది. జవాబుల పుస్తకంలో 'ఎక్స్ మైనస్ ఐదు' అని ఉంది.

రెండో ఇంటూ చూశారు. 'సెవెన్ సబ్‌ట్రాక్టెడ్ ఫ్రమ్ ఎ నంబర్'. అక్క నెమ్మదిగా తెలుగులో చెప్పింది. "ఒక సంఖ్య నుంచి ఏడు తీసేస్తే." ఇక్కడా సంఖ్యే ముందు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ఏడింటికి ఏడూ ఒకే తప్పు. ఇంగ్లీషులో ఏ మాట ముందు వినిపిస్తే దాన్నే అక్క ముందు రాసుకుంటూ పోయింది.

"ఇన్నాళ్లూ నాకు లెక్కలు రావనుకున్నానే," అంది అక్క. "నన్ను పడగొట్టింది ఇంగ్లీషన్నమాట."

"రెండూ కూడబలుక్కుని పడగొట్టాయి," అంది అమ్మ గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

ఆ రెండు వారాలూ ఇల్లు ఒకటే మోత. అక్క పళ్లు తోముకుంటుంటే పంతులమ్మ ఒక వాక్యం విసిరేది. బస్సు ఎక్కబోతుంటే ఇంకోటి. అక్క తెలుగులో చెప్పుకుని, ఆ తర్వాతే లెక్క చెప్పేది. తప్పితే పంతులమ్మ గాల్లోనే పెద్ద ఇంటూ గీసేది. జాలి పడటం మానేసింది. ఇంగ్లీషు పేరాలు కూడా అలాగే, ముందు అర్థం చెప్పుకుని తర్వాత జవాబు. తర్వాతి ఆదివారం లెక్కల్లో ఇరవై తొమ్మిది వచ్చాయి. అక్క పేపరు తిప్పి తిప్పి చూసింది. "నిజమేనా?" అంది. పంతులమ్మ జవాబుల పుస్తకం తెచ్చి పక్కన పెట్టింది.

పరీక్ష అయిపోయింది. పది రోజులకి ఫలితాలు వచ్చాయి.

ఆ సాయంత్రం అక్క వీధి మొదట్లోంచే పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒక చెప్పు దారిలోనే ఉండిపోయింది. లెక్కల్లో ముప్ఫై నాలుగు, ఇంగ్లీషులో ముప్ఫై ఒకటి. నేరుగా కాలేజీ క్లాసే. ఈసారి అమ్మ పళ్ల మధ్య సూదుల్లేవు. కేక వేసింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. నాన్న చెప్పు వెతకడానికి వెళ్లి, కనపడ్డ ప్రతివాళ్లకీ మార్కులు చెప్పి, చెప్పు లేకుండానే తిరిగొచ్చాడు.

అందరూ కుదుటపడ్డాక అమ్మ మెడలో టేపు సవరించుకుంటూ నెమ్మదిగా అడిగింది, ఉత్తుత్తి లెక్కల పేపరు ఇంకోటి మిగిలిందా అని.

"ఎవరికమ్మా?"

"నాకే. ఊరికే చూద్దామని."

అమ్మ ఎనిమిదో క్లాసులో బడి మానేసింది. ఆదివారం బల్ల ముందు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఐదో పేజీలో ఇంగ్లీషు మాటలకి మాత్రం అక్కని అర్థం అడిగింది. అలారం మోగింది. పెన్సిల్ కింద పెట్టింది. పంతులమ్మ ముందు వేలితో చూసుకుంది. తర్వాత పెన్ను పెట్టింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు.

"పదకొండు, అమ్మా. నలభైకి. అందులో ఎనిమిది ఐదో పేజీలోవే."

అమ్మ పేపరు అందుకుంది. "ఈ పదకొండూ నిజంగా నావేనా?"

"అన్నీ నీవే. నేనొక్కటి కూడా కలపలేదు."

అమ్మ మొహం వెలిగిపోయింది. పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

"నలభై నుంచి పదకొండు తీసేస్తే ఇరవై తొమ్మిది. నేను నేర్చుకోవాల్సింది అంతేనన్నమాట."

పంతులమ్మ ఆ లెక్కని పేపరు అంచున రాసి, పక్కన పెద్ద టిక్కు పెట్టింది. మార్కులు మాత్రం పదకొండే ఉంచింది.