స్ఫటికపు కూజాలో నీళ్లు

మంచు కురిసే నేపర్‌విల్‌లో మూర్తి ఇల్లు ఇల్లులా ఉండదు, సామాన్ల కొట్టులా ఉంటుంది. డాక్టరుగా రిటైరయ్యాక వేలంపాటల్లో పాత వస్తువులు కొనడమే ఆయన పని. అన్నిటికన్నా గొప్పది అద్దాల బీరువాలోని స్ఫటికపు కూజా. ఒకే రాయిని తొలిచి చేశారు. వెయ్యేళ్లనాటిది. ఎందరు రాజుల ఖజానాల్లో తిరిగిందో!

ఆ రోజు మూర్తి అక్క సుధ పోయిన తిథి. ఆమె భర్త వీరభద్రం ఏడేళ్ల తర్వాత మళ్లీ ఆ గడప తొక్కాడు. ఏడేళ్ల కిందట, ఆపరేషన్‌కి ముందు సుధ గుక్కెడు నీళ్లడిగింది. తాగకూడదని మూర్తి గ్లాసు లాక్కున్నాడు. ఆమె మళ్లీ లేవలేదు. దాహంతో పోయిన మనిషికి వీడి చేత్తోనే నీళ్లు పెట్టించాలని వీరభద్రం పంతం.

మధ్యాహ్నం లోపలి గదిలో సుధ పేరిట విస్తరి వడ్డించారు. మూర్తి గాజు గ్లాసు తెచ్చాడు.

"ఎంతమంది ఎంగిలిరా అది? నీ పార్టీల్లో మందు తాగినవాళ్లందరిదీనూ! ఆ కూజా తియ్యి. బీరువాలో ఉన్నదాన్ని ఎవడూ ముట్టుకుని ఉండడు."

"బావగారూ, అందులో కూడా పూర్వం ఎందరో తాగి..."

"నోర్ముయ్. అప్పుడు గ్లాసు లాక్కున్నావు. ఇప్పుడు రాయి దాచుకుంటావా?"

మూర్తి బీరువా తాళం తీశాడు.

పోయినవాళ్లు తినేటప్పుడు చూడకూడదు. నీళ్లు పోసి, తలుపు మూసి ఇద్దరూ హాల్లో కూర్చున్నారు. కిటికీ బయట మంచు తెల్లగా మెరుస్తోంది.

లోపల గుటక వినిపించింది.

వీరభద్రం కళ్లు చెమర్చాయి. "తాగుతోందిరా..."

మరో గుటక. ఇంకోటి. తర్వాత మగ గొంతు దగ్గు.

వీరభద్రం ఒక్కడే లోపలికి వెళ్లాడు. అత్తరు, తడిమట్టి కలిసిన వాసన. విస్తరి ముట్టలేదు. కూజా పొడిగా ఉంది. మళ్లీ నింపాడు. ఈసారి అక్కణ్ణుంచి కదల్లేదు.

నీళ్లు కళ్లముందే దిగిపోతున్నాయి. కూజా అంచు మీద తడి పెదవుల గుర్తు పడింది. దాని పక్కనే ఇంకోటి... ఇంకోటి... అంచు చుట్టూ...

"సుధా... తాగావా?" అన్నాడు గుసగుసగా.

చెవి పక్కనే ఎండిపోయిన గొంతు. "లేదండీ... వీళ్లు నన్ను దగ్గరికి రానివ్వడం లేదు."

కూజా లాక్కోబోయాడు. కదల్లేదు. అవతలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

తలుపు బయటి నుంచి మూర్తి పిలిచాడు.

"బావగారూ... వాకిట్లో మంచు మీద అడుగులు... అన్నీ ఉత్త కాళ్లవి... అన్నీ లోపలికే వస్తున్నాయి..."