మడత లేని పొర

తల్లిని చంపింది కొడుకే. ఆ ముసలి వడ్రంగికి ఇందులో అనుమానం లేదు. భార్య పోయిన నాటి నుంచి కొడుకుతో ముఖాముఖి ఒక్క మాట ఆడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే బాత్‌రూము. అయినా ఏం చెప్పాలన్నా మధ్యలో కోడలు ఉండాల్సిందే.

ఆ ఉదయం కూడా తండ్రీకొడుకులు వంటింటి బల్లకు చెరోవైపు కూర్చున్నారు. కొడుకు ముందున్న టీ మీద మీగడ కట్టింది. చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కప్పు వైపే చూస్తున్నాడు.

"అమ్మాయ్, మీ ఆయన ఇవాళ ఆసుపత్రికి వెళ్ళడా? టైము చూసుకున్నాడా?"

"మీ ఎదురుగానే ఉన్నారు కదా మామయ్యా. అడగండి."

"నాకు కనబడ్డం లేదు."

"కళ్ళద్దాలు తుడిచివ్వనా?"

"ఎకసెక్కాలొద్దు. వెళ్తాడా, లేదా?"

కోడలు పొయ్యి కట్టేసింది. "వెళ్ళరట. ఉద్యోగమే మానేస్తారట."

"మానేసి ఏం చేస్తాడట? వచ్చి నా చెక్క ముట్టుకోడు కదా? ఒక్కటి పాడు చేసింది చాలు."

ఆ ఒక్కటి ఏమిటో ముగ్గురికీ తెలుసు.

ముసలాయన భార్యకు చెవి కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. లాలాజల గ్రంథిలో వచ్చే క్యాన్సర్ అన్నారు. నూటికో కోటికో ఒకరికి వస్తుందట. గుర్తుపట్టేసరికి ఊపిరితిత్తుల్లోకి పాకింది, కోసి తీసే దశ దాటిపోయింది. సూదితో చిన్న ముక్క తీశారు. దాని జన్యువుల్లో ఏ మార్పు వచ్చిందో చూస్తే, కొన్ని మార్పులకు మాత్రలు ఉన్నాయనీ, అవి పడితే ఏళ్ల తరబడి బతికినవాళ్లు ఉన్నారనీ డాక్టరు చెప్పాడు. ముసలాయన ఆ మాట పట్టుకుని వేలాడాడు.

కొడుకు అదే ఆసుపత్రి ల్యాబులో పనివాడు. మైనం పోసి బిగించిన ముక్కను యంత్రం మీద ఉల్లిపొరకన్నా పల్చగా కోయడం అతని పని. అయినవాళ్ల ముక్కను తాము కోయకూడదని అక్కడ కట్టడి ఉంది. అతను వినలేదు. మా అమ్మది ఇంకొకరి చేతికివ్వను అన్నాడు. గడ్డ ఏ రకందో చెప్పడానికి కోసిన మొదటి పొర బాగానే వచ్చింది. జన్యు పరీక్షకు కోసిన పొర కొద్దిగా మడత పడింది. అవతల పారేశాడు. ఇంకో దాని మీద సన్నటి గీత. అదీ పారేశాడు. అలా కోస్తూ పోయాడు. చివరికి ముక్కంతా అయిపోయి దిమ్మలో ఉట్టి మైనం మిగిలింది. మళ్ళీ సూది వేయించుకునే ఓపిక ఆవిడకు లేదు. మాత్ర ఏదో తేలకుండానే వెళ్ళిపోయింది.

"మళ్ళీ అలాంటిదే వచ్చింది మామయ్యా," అంది కోడలు. "అదే గ్రంథి, అదే జబ్బు. ఎవరో బట్టలు కుట్టుకునే ఆవిడట. దారపు పోగంత ముక్క. ఇవాళ కోసి పంపాలి. ఈయనకున్నంత సన్న చెయ్యి ఎవరికీ లేదని ల్యాబు మేడం ఈయనకే అప్పజెప్పారు. నిన్న యంత్రం దగ్గర కూర్చున్నారట. చెయ్యి వణికిందట. లేచి వచ్చేశారు."

"మంచి పని చేశాడు. ఇంకో కొంప మునగదు."

కోడలు చేతిలో గిన్నె సింకులో ఠంగుమని పడింది.

"చాలు మామయ్యా! ఇంకెంత కాలం? అత్తయ్యకు ఏ మాత్రా పనిచేసేది కాదు. తెలుసా మీకు?"

"నువ్వు ఊరుకో," అన్నాడు కొడుకు.

"ఊరుకోను. మొదటి పొర గాజు పలక మీద అలాగే ఉంది. అప్పట్లో కుదరని పరీక్ష ఇప్పుడు దాంతోనే చేస్తున్నారు. అత్తయ్యదీ చేశారు. ఆ మార్పుకు ఇంతవరకూ మందే లేదట. ఆ మార్పు ఉన్నవాళ్లు ఎక్కువ కాలం ఉండరట. ఈయనకు తెలిసి ఏడాది దాటింది. మీతో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు!"

ముసలాయన కోడలి వైపు చూడటం మానేశాడు. బల్లకు అవతల ఉన్న మనిషిని చూశాడు.

"నిజమేనట్రా?"

కొడుకు ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు తనతో మాట్లాడుతోందని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"నిజమే నాన్నా."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నా తప్పు పోతుందా? ముక్క పాడుచేసేటప్పుడు మందు లేదని నాకు తెలీదు కదా. ఉందనే అనుకున్నాను. అనుకునే పాడుచేశాను."

"అందుకని ఇన్నాళ్ళూ పడ్డావా?"

"నీకు తిట్టుకోడానికి ఎవరో ఒకరు కావాలి నాన్నా. అదీ లేకపోతే ఏమైపోతావో అని భయమేసింది."

ఇన్నాళ్ళూ ముసలాయన నిలబడింది ఆ కోపం మీదే. ఇప్పుడది ఎవరి మీద? కణాల్లో, జన్యువుల రాతలో ఎక్కడో తిరగబడిన ఒక అక్షరం మీదా? దాన్ని ఏమని తిట్టాలి?

కొడుకు చేతుల వైపు చూశాడు. సన్నటి వేళ్లు. నిక్కరు వేసుకునే రోజుల్లో ఆ వేళ్లకు చిత్రిక పట్టడం నేర్పింది తనే. ఎక్కడ గరుకు తగిలినా మళ్ళీ పట్టమనేవాడు. ఒకసారి చెక్క పలక అరిగి అరిగి ఎందుకూ పనికిరాకుండా పోయింది. అయినా నునుపు తేలిందని వీపు తట్టాడు.

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"లే."

"నాన్నా..."

"లెమ్మన్నాను. వెళ్ళి కొయ్యి. మడత పడితే పడనీ. గీత పడితే పడనీ. మొదటిది వచ్చింది వచ్చినట్టు పంపు. విన్నావా? ఆ బట్టలు కుట్టే ఆవిడకీ మొగుడుంటాడు. వాడు నాలాగా తయారు కాకూడదు."

కొడుకు మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముసలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, భుజం పట్టుకుని లేపాడు.

"మొహం కడుక్కో. ఆ కళ్లతో ఏం కోస్తావు?"

కొడుకు వెళ్ళాక కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"మామయ్యా, అంటే మీరు ఆయన్ని..."

"ఇదిగో అమ్మాయ్." ఆయన భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. "మీ అత్త జబ్బు గురించీ ఆ మైనం గురించీ ఈ గడప లోపల ఇంకోసారి మాట రాకూడదు. నువ్వు అడగొద్దు. వాడు చెప్పొద్దు. నేను పాడె ఎక్కేదాకా ఆ మాట ఎత్తను. అంతే."