ఇరవై ఐదో రోజా

తెల్లవారి నమాజు ముగించి లేవబోయేసరికి కరీమున్‌కి నడుము పట్టేసింది. గోడ పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడింది. లోపలి గదిలోంచి అత్తగారి మూలుగు వినిపించింది.

"వస్తున్నానత్తమ్మా, వచ్చేస్తున్నాను" అంటూ గంజిగిన్నె, చెంచా తీసుకుని వెళ్లింది.

హుస్సేన్‌బీకి డెబ్బై ఆరేళ్లు. నాలుగు నెలల కిందట పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలిపోయింది. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. అమలాపురంలో పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచాక డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంక మేం చేసేదేం లేదమ్మా. ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోండి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండ్లు పడిపోద్ది. ఏదైనా చెంచాతోటే పట్టండి, పొలమారితే ప్రమాదం" అని పంపేశాడు.

అప్పట్నుంచీ తిప్పడం, తుడవడం, గంజి పట్టడం, గుడ్డలు మార్చడం. కరీమున్ ఒక్కగానొక్క కూతురు మదీనా రాజమండ్రిలో నెలల పిల్లతో ఉంది, రాలేదు. కరీమున్ భర్త మస్తాన్‌వలీకి కొత్తపేట సెంటర్లో పరుపులు కుట్టే కొట్టు ఉంది. కొట్టుకి వెళ్లేముందు ఒకసారి, భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి తల్లిని ఎత్తేవాడు. అయిదు రోజులుగా అదీ లేదు.

రంజాన్ నెల చివరి పది రోజులూ ఊళ్లో ఒక్కరైనా మసీదు గడప దాటకుండా కూర్చుని ప్రార్థనలో గడపాలి. ఎతెకాఫ్ అంటారు దాన్ని. ఏటా కూర్చునే పెద్దాయన ఈసారి కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎవరు కూర్చుంటారని ఇమాం సాబు అడిగితే, "నేను కూర్చుంటానండి" అని మస్తాన్‌వలీ చెయ్యెత్తాడు. ఇరవయ్యో రోజా ఉపవాసం నాటి సాయంత్రం పక్కచుట్ట చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"అమ్మ కోసం దువా చేస్తాను కరీమూ" అన్నాడు గుమ్మంలో.

దేవుడి పని మీద వెళ్లే మనిషిని వద్దని ఎలా అంటుంది? వీధిలో ఆడవాళ్లంతా, "నీ అదృష్టమే అదృష్టం కరీమున్! మీ ఆయన ఊరి పుణ్యమంతా మోసుకొస్తున్నాడు" అన్నారు. కరీమున్ నవ్వి, అత్తగారి గుడ్డలు ఉతకడానికి పెరట్లోకి వెళ్లింది.

రెండుపూటలా పక్కింటి రత్నం వచ్చి సాయం పడుతోంది. ఆ రోజు మాత్రం, "అంబాజీపేటలో మా అప్పగారికి బాగోలేదంట వదినగారూ, చూసి సాయంత్రానికి వచ్చేస్తానండి" అని పదింటి బస్సుకి వెళ్లిపోయింది.

"ఆయ్, వెళ్లిరండి. ఒక్కపూటే కదా, నేను చూసుకుంటాను" అంది కరీమున్.

మధ్యాహ్నం మూడయింది. ఉపవాసంతో నాలుక అంగిట్లో అంటుకుపోతోంది. అత్తగారిని ఎడమపక్కకి తిప్పుదామని భుజం కింద చెయ్యి పెట్టి లాగింది. పక్కగుడ్డ జారింది. ఆ బరువైన ఒళ్లు మంచం అంచు మీదికి వచ్చేసింది. కరీమున్ ఒళ్లు అడ్డం పెట్టి ఆపబోయింది, ఆగలేదు. ఇద్దరూ మెల్లిగా గచ్చు మీదికి జారిపోయారు.

దెబ్బ తగల్లేదు. కానీ లేపడం ఆమె వల్ల కాలేదు. చంకల కింద పట్టి చూసింది. మంచంకోడుకి కాలు తన్నిపెట్టి చూసింది. "రత్నంగారూ" అని అలవాటుకొద్దీ పిలిచి నోరు మూసుకుంది. ఫోను ముందుగదిలో ఉంది. అత్తగారి తల వెల్లకిలా వాల్చి వెళితే ఉమ్ము పొలమారుతుందేమోనని భయం. చివరికి ఆ తలని ఒళ్లో పెట్టుకుని గోడకి చేరగిలబడిపోయింది.

ముసలామె కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. కరీమున్ కొంగుతో తుడుస్తోంది, మళ్లీ కారుతున్నాయి.

సాయంత్రపు అసర్ నమాజుకి అజాన్ వినిపించింది. హుస్సేన్‌బీ ఎడమచెయ్యి కదిలింది. గచ్చు మీద, ఒంటి మీద దేనికోసమో తడుముతోంది. తల మీదికి కొంగు లాక్కోవాలని! ఆ సంగతి కరీమున్‌కి అర్థమైంది. తన కొంగే తీసి ఆమె తల మీద కప్పి, ఒంగి ఏడ్చింది.

అయిదింటికి రత్నం వచ్చి చూసి, "అయ్యో, ఎంతసేపయ్యిందండీ ఇలాగ?" అని గుండెలు బాదుకుంది. ఇద్దరూ కలిసి ఎత్తి పడుకోబెట్టారు. అత్తగారి దగ్గర రత్నాన్ని కూర్చోబెట్టి, కరీమున్ ఇఫ్తార్ క్యారేజీ తీసుకుని మసీదుకి నడిచింది.

రోజూ గేటు దగ్గర ఇచ్చి వచ్చేసేది. ఇవాళ పక్క కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎతెకాఫ్ చోటు చుట్టూ కట్టిన తెల్ల తెర పక్కకి జరిగింది. మస్తాన్‌వలీ గడ్డం మాసి ఉంది.

"అమ్మ ఎలాగుంది?"

"మంచం మీంచి జారిపోయేరు. రెండు గంటలు గచ్చు మీదే ఉన్నారు. నేనూ కిందే ఉన్నాను. ఎత్తలేకపోయేను."

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"అల్లా కాపాడేడు. నేనిక్కడ పగలూ రాత్రీ ఆవిడ కోసమే అడుగుతున్నాను కరీమూ."

"నేనూ అడుగుతున్నానండి" అంది కరీమున్. "కానీ మీ అమ్మగారిని ఎత్తడానికి ఇంకో రెండు చేతులు కావాలి. ఊరంతా మీ పుణ్యం గురించి చెప్తున్నారు. ఆ చేతులు మాత్రం ఎవరూ ఇవ్వరు కదా."

"అయిదు రోజులే ఉంది. మధ్యలో లేస్తే ఎతెకాఫ్ పోద్ది. ఊరి తరఫున కూర్చున్నాను, జనం ఏమనుకుంటారు?"

"నేను రమ్మన్లేదు."

"మరి?"

"నిజం చెప్పండి. ఊరి కోసం కూర్చున్నారా?"

అతను కిటికీ ఊచలు పట్టుకున్నాడు. తల వంచుకుని అన్నాడు. "ఆవిడ నా మొహంలోకి చూసి ఏదో అడుగుద్ది. ఏం అడుగుతుందో తెలీదు. నాకు నమాజు నేర్పిన నోరు కరీమూ అది! చూడలేకపోతున్నాను."

"నేను చూస్తున్నాను" అంది కరీమున్. క్యారేజీ గట్టు మీద పెట్టి వెనుదిరిగి వచ్చేసింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, అత్తగారి మంచం పక్కనే నమాజు చేసుకుంది. ముగించి తిరిగి చూస్తే గుమ్మంలో భర్త. చంకన పక్కచుట్ట ఉంది.

"ఇమాం సాబుని అడిగేను" అన్నాడు ఆమె అడక్కుండానే. "పండగ వెళ్లాక ఒక్క రోజు రోజా ఉండి మసీదులో కూర్చుంటే సరిపోద్దంట. ఆయనే నా పక్క చుట్టి చేతికిచ్చేరు. మిగతా రోజులు ఆయన కూర్చుంటారంట."

కరీమున్ కళ్లు తుడుచుకుని పక్కకి జరిగింది.

కొడుకుని చూడగానే హుస్సేన్‌బీ నోరు తెరిచింది. "ఊఁ... ఊఁ..." అంది. అతను నీళ్లు పట్టాడు. తల తిప్పేసింది. దిండు సర్దాడు. ఫ్యాను తగ్గించాడు. కిటికీ తెరిచాడు. "ఊఁ... ఊఁ..." అంటూనే ఉంది. కాళ్లు ఒత్తాడు. మదీనాకి వీడియోకాల్ చేసి మునిమనవరాలిని చూపించాడు. తల్లి చూపు మాత్రం అతని మొహం మీదినుంచి కదల్లేదు.

"ఏం కావాలమ్మా నీకు? నాకు తెలీడం లేదే!" అని మంచం అంచు మీద తల ఆనించి పెద్దగా ఏడ్చేశాడు.

"నాకూ తెలీదండి" అంది కరీమున్ నెమ్మదిగా. "ఒక్కరోజూ తెలీలేదు. అన్నీ చూపిస్తాను. ఆవిడే అలిసిపోయి నిద్రపోతారు. రేపు మళ్లీ చూపిస్తాను."

మస్తాన్‌వలీ తలెత్తి భార్యని చూశాడు. నాలుగు నెలల్లో ఆమె ఎంత చిక్కిపోయిందో అప్పుడు కనిపించింది అతనికి.

తర్వాతి రోజుల్లో పెద్దగా మారిందేమీ లేదు. వీపు మీద పుండు మానలేదు. ముసలామె తాగే గంజి ఇంకా తగ్గింది. కాకపోతే రాత్రి సగం కరీమున్ మేలుకుంటే సగం అతను మేలుకున్నాడు. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం వీధిలో, "చాంద్ కనిపించిందీ!" అని కేకలు వేస్తుంటే ఇద్దరూ లోపల దుప్పటి మారుస్తున్నారు.

పండగ పొద్దున్న హుస్సేన్‌బీకి వేణ్ణీళ్లతో ఒళ్లు తుడిచి, కొత్త చీర చుట్టి, మణికట్టుకి అత్తరు రాశారు. మస్తాన్‌వలీ ఈద్‌గాకి వెళ్లి నమాజు చేసుకుని, ఎవరి ఇంటికీ పోకుండా తిన్నగా ఇంటికి వచ్చేశాడు. తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత భార్య ముందు నేల మీద కూర్చున్నాడు.

"పండగ పూట మాఫీ అడగాలంటారు కదా. నన్ను మాఫ్ చెయ్యి కరీమూ."

కరీమున్ బెదిరినట్టు వెనక్కి జరిగింది. "నన్ను అడక్కండి. నేనేం చేసేనో మీకు తెలీదు."

"ఏం చేసేవ్?"

ఆమె అత్తగారి వైపు చూసింది. ముసలామె కళ్లు మూసుకుని ఉంది. కరీమున్ గొంతు బాగా తగ్గించింది. "ఆ రోజు గచ్చు మీద కూర్చున్నప్పుడు, ఆవిడ తల ఒళ్లో పెట్టుకునే... ఈమెని తీసుకుపో అల్లా, అని అడిగేనండి. రోజాలో ఉండి అడిగేను. అప్పట్నుంచి ఏ నమాజులోనూ తలెత్తలేకపోతున్నాను."

తిడతాడనుకుంది. లేచి వెళ్లిపోతాడనుకుంది.

"నేనూ అదే అడిగేను" అన్నాడు. "మొదటి రోజే. మసీదులో, సజ్దాలో తల నేలకానించి. కన్నకొడుకునై ఉండి నేనే అడిగేను. నువ్వు అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. అందుకే కిటికీ దగ్గర అలా దాటేసేను."

ఇద్దరూ చేతుల్లో మొహాలు దాచుకుని, చప్పుడు కాకుండా ఏడ్చారు.

ఏడుపు తగ్గి తలెత్తేసరికి హుస్సేన్‌బీ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పట్నుంచి తెరిచి ఉన్నాయో, ఎంత విందో తెలీదు. ఎడమచెయ్యి దుప్పటి మీద పాక్కుంటూ వచ్చి కోడలి వేళ్లు అందుకుంది. గట్టిగా పట్టుకుంది. వదలమంటోందో, వదలొద్దంటోందో.

కరీమున్ చెయ్యి తీసుకోలేదు. ఆ రెండు చేతుల మీదా మస్తాన్‌వలీ తన చెయ్యి వేశాడు. బయట రత్నం, "వదినగారూ, పండగ పూట తలుపేసుకున్నారేంటండీ?" అని పిలుస్తోంది. లేచి తలుపు తీయడానికి ఇద్దరిలో ఎవరికీ మనసు రాలేదు.