మూడో ‘చాలు’

“చాలండీ, చాలు!” అన్నాడు తాతబ్బాయి.

అంతే. అతని మెడ చుట్టూ అమర్చిన మిషన్ టక్కున ఆగిపోయింది.

అద్దాల గదిలోంచి డాక్టర్ చంద్రకళ పరుగెత్తుకొచ్చింది. “ఎందుకు చాలన్నరు? నొప్పి అయితుందా?”

“అబ్బెబ్బే, నొప్పేం లేదండీ. ‘ఇంకొంచెం ఇవ్వమంటారా?’ అనడిగిందండి మీ మిషను. అడగ్గానే ఇమ్మంటే ఏం బాగుంటుందండీ?”

తాతబ్బాయి అసలు పేరు సాయితేజ. తాత చేసిన పనే చేస్తున్నాడు కాబట్టి మండపేట మొత్తానికీ తాతబ్బాయి అయ్యాడు. ఆ పని పెళ్ళి భోజనాల్లో వడ్డన. వడ్డించే మరమనుషులు వచ్చి పదేళ్ళయినా అతనికి గిరాకీ తగ్గలేదు. ఎందుకంటే ఆ మరమనుషులు ‘చాలు’ అన్న మాట వినపడగానే గరిటె వెనక్కి తీసుకుంటాయి. గోదావరి జిల్లాల్లో మొదటి చాలు మర్యాదకి, రెండోది మొహమాటానికి. మూడోదొక్కటే కడుపులోంచి వస్తుంది. ఇంత చిన్న సంగతి తెలియని యంత్రాల చేత వడ్డించుకుని, అర్ధాకలితో లేచి, పెళ్ళివారిని తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళి అన్నం తిన్నవాళ్ళు కోకొల్లలు. తాతబ్బాయి అలా కాదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి బూరె జార్చగల మొనగాడు.

అలాంటివాడికి నిరుడు మెడ పక్కన గోలీకాయంత వాపు వచ్చింది. నొప్పి లేదు. పన్ను పోటుకి బిళ్ళ కట్టిందిలే అనుకున్నాడు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడం, పుండు మానగానే అది కరిగిపోవడం ఎవరెరగని సంగతి? కానీ ఈ బిళ్ళ కరగలేదు. పైగా చంకలో ఇంకొకటి లేచింది. విడవని జ్వరం, తడిసిపోయే చెమటలు. నాలుగు నెలల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి. చిన్న ముక్క తీసి పరీక్ష చేసి లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. ఆరు విడతలు మందులు ఎక్కించినా లొంగలేదు. అప్పుడు రాజమండ్రిలో ఈ పరిశోధనశాలకి పంపారు.

మొదటిరోజే చంద్రకళ బొమ్మ గీసి చెప్పింది. ఆమెది కరీంనగర్. “ఒంట్ల రక్తనాళాల లెక్కనే లింఫ్ నాళాలు కూడా ఉంటయి. వాటి దారిల మెడ కాడ, చంకల్ల, గజ్జల్ల చిన్న చిన్న ఠాణాలుంటయి. మీరు బిళ్ళలంటున్నది వాటినే. రోగక్రిములొస్తే అండ్ల లింఫోసైట్లనే పోలీసులు ఎన్నో రెట్లయితరు. అందుకే ఉబ్బుతది. పని అయిపోంగనే శరీరం ‘ఇక చాలు’ అని సైగ చేస్తది. అప్పుడు వాళ్ళల్ల చానామంది సచ్చిపోయి వాపు తగ్గుతది. లింఫోమాల కొన్ని కణాలు ఆ సైగ వినవు. పెరుగుకుంటనే పోతయి.”

“కంచే చేను మేసినట్టు,” అంది తాతబ్బాయి భార్య లావణ్య, కళ్ళొత్తుకుంటూ.

తాతబ్బాయి ముఖం మాడిపోయింది. “చాలన్నా వినకుండా వడ్డించేస్తున్నాయన్నమాట. అచ్చం నాలాగేనండీ!”

చంద్రకళ కనిపెట్టిన మిషన్ పేరు కూడా ‘సైగ’. ముందు రక్తంలోకి నానో రేణువులు ఎక్కిస్తారు. మిషన్ బయటినుంచి తరంగాలతో వాటిని తడుతుంది. తట్టినప్పుడల్లా అవి ఆ మొండి కణాలకి ‘ఇక చాలు’ అనే రసాయనాన్ని అందిస్తాయి. ఒక మనిషికి మూడుసార్లకి మించి ఎక్కించకూడదు. రెండుసార్లు అయిపోయాయి, ఒక్క కణమూ కదల్లేదు. ఇదే ఆఖరిది. రేణువులు పనిచేసేది గంటసేపే, అందులో సగం అప్పుడే గడిచిపోయింది.

మిషన్ మళ్ళీ మొదలుపెట్టారు. రోగి క్షేమం కోసం అది మధ్యమధ్యలో అడగాలి, రోగి ఒప్పుకోవాలి. “కానివ్వండి అనండి, అంతే,” అని చంద్రకళ పదిసార్లు వల్లె వేయించింది.

“ఇంకొంచెం ఇవ్వమంటారా?” అంది మిషన్.

“చాలం...” అని నాలుక కరుచుకున్నాడు తాతబ్బాయి. మిషన్ ఆగిపోయింది.

“మీ మర్యాద మండ! ప్రాణం పోయేటప్పుడు కూడా మొహమాటమేనా?” అని లావణ్య ఘొల్లుమంది.

ఇక ఇరవై నిమిషాలే ఉంది. పుట్టుకతో వచ్చిన అలవాటుని ఇరవై నిమిషాల్లో మాన్పించే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. చంద్రకళ మనిషిని వదిలేసి మిషన్‌నే మార్చింది. గబగబా ప్రోగ్రామ్ తెరిచి, ‘చాలు’ మూడుసార్లు వస్తేనే చెల్లుతుంది అని రాసేసింది. ఆ తొందరలో ఒక సంగతి మరిచిపోయింది. కణాలకి పంపే సంకేతానికి కూడా ఆ ప్రోగ్రామ్‌లో తను పెట్టుకున్న పేరు ‘చాలు’!

మిషన్ గుంయ్‌మంది. మొదటి సంకేతం వెళ్ళింది. తెర మీద ఆ మొండి కణాలని చూపించే ఎర్రచుక్కలు కదల్లేదు. ఎప్పుడూ ఒక్కో కణానికి ఆ ఒక్క సంకేతంతోనే సరి. కానీ మిషన్ ఆగలేదు, రెండోది పంపింది. చుక్కలు కొద్దిగా వణికాయి. ఇదేమిటని చంద్రకళ కుర్చీలోంచి లేచేలోగా మూడోది వెళ్ళింది.

చుక్కలు ఆరిపోవడం మొదలైంది. ఒకటి, పది, వంద, తర్వాత గుంపులు గుంపులుగా!

“పోతున్నయి! లావణ్యగారూ, చూడుండ్రి, పోతున్నయి!” చంద్రకళ చిన్నపిల్లలా గెంతింది. లావణ్య ఏడుస్తూ నవ్వింది. తన తప్పు ఎక్కడ జరిగిందో ప్రోగ్రామ్‌లో చూసుకుని, చంద్రకళ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ నవ్వింది.

తాతబ్బాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. “ఒక్కసారి చాలంటే ఎలా ఆగుతాయండీ? అవీ మా జిల్లావే కదండీ!” అన్నాడు.

ఆరు నెలల తర్వాత చేసిన పరీక్షలో ఒక్క ఎర్రచుక్కా కనబడలేదు. ఆ ఆనందంలో తాతబ్బాయి మండపేటలో ఊరందరికీ భోజనాలు పెట్టాడు. చంద్రకళ పొద్దుటినుంచి కడుపు మాడ్చుకుని వచ్చి మొదటి బంతిలోనే కూర్చుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాసనకే ప్రాణం లేచొచ్చింది. తాతబ్బాయి స్వయంగా వచ్చి ఒక గరిటెడు వేశాడు. ఈపాటికి ఆమెకి గోదావరి మర్యాదలన్నీ వచ్చేశాయి. నవ్వుతూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, “చాలండీ,” అంది.

గరిటె టక్కున ఆగిపోయింది.

తాతబ్బాయి కళ్ళు చెమర్చాయి. “చాలన్న మాట వినకపోతే ఏమవుతుందో నాకు తెలిసొచ్చిందండీ, డాక్టరమ్మగారూ. ఇకనుంచి ఎవరి చేతా రెండోసారి అనిపించనండి,” అని పక్క విస్తరికి వెళ్ళిపోయాడు.

బంతి పొడుగునా చేతులు అడ్డం పడుతున్నాయి, గరిటె ఆగుతోంది. “దీనికన్నా ఆ మరమనుషులే నయం కదరా,” అని ఎవరో గొణిగారు.

చంద్రకళ తన విస్తరిలో ఉన్న ఒక్క గరిటెడు కూర వంక దిగులుగా చూసుకుంది. నోరు తెరిచి మారు అడగడం మర్యాద కాదని కూడా ఆమె అప్పటికే నేర్చుకుంది.